ఒక్కపొద్దు చెడగొట్టిన మందు

పెద్దమ్మ విగ్రహానికి కళ్ళు తెరిచిన రోజు నేను ఒక్కపొద్దు ఉండలేదు. మందు తాగాను, తిన్నాను, ఆ తర్వాతే ఉలి పట్టాను. ముందే చెప్పేస్తున్నాను. ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు ఇక్కడే వేసుకోండి, తిట్టేవాళ్ళు ఇక్కడే తిట్టేయండి. ఎందుకు తిన్నానో ఆ తర్వాత తీరిగ్గా చెబుతాను.

మాది ఆళ్ళగడ్డ, రాయి చెక్కే కుటుంబం. మా షెడ్డు పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది. బస్సులో పోయేవాళ్ళకు మేం కనిపించం, మా దుమ్ము కనిపిస్తుంది. మా నాయనకు మగపిల్లలు లేరు. పన్నెండేళ్ళకే నా చేతికి ఉలి ఇచ్చాడు. "ఆడపిల్లకు రాయి పనేందప్పా" అని బంధువులు అడిగితే, "రాయి అడగలే గదా, మీకేంది నొప్పి" అనేవాడు. ఇప్పుడు నాకు యాభై దాటాయి. నాయన పోయాక షెడ్డు మా పెదనాయన కొడుకు చేతికి వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఆర్డర్లు తెచ్చేది, రాయి ఎంచేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది ఆయన. మొహాలు చెక్కేది నేను. చేతులూ కాళ్ళూ నగలూ ఆయనకు చక్కగా వస్తాయి, మొహం రాదు. మనసు బాగున్న రోజు ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు.

విగ్రహం అంతా పూర్తయ్యాక చివర్న మిగిలేవి కళ్ళు. రెప్పల గీత మాత్రం వేసి, కనుపాపలు వదిలేస్తాం. ఒక మంచి రోజు చూసుకుని, పొద్దున్నే ఆ కనుపాపలు చెక్కుతాం. దాన్ని కళ్ళు తెరవడం అంటాం. గుడిలో పూజారులు తర్వాత చేసుకునే తంతు వేరు, అది వాళ్ళది. మా షెడ్డులో జరిగేది ఉలితో జరిగేది. ఆ ఉలి పట్టేవాళ్ళు ముందురోజు సాయంత్రం నుంచి ఒక్కపొద్దు ఉండాలి, మా నోట అది వట్టి పొద్దు. అన్నం సంగతి అటుంచి, నీళ్ళ చుక్క కూడా నోట్లో పడకూడదు. రెండు కళ్ళూ పూర్తయ్యాకే గొంతు తడుపుకోవాలి.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. నొప్పి బిళ్ళ. రాయి పనిలో మణికట్టు, భుజం, నడుం నొప్పి లేనివాళ్ళు ఎవరూ ఉండరు. నొప్పితో చెయ్యి వణికితే దేవతకు మెల్లకన్ను వస్తుందని భయం. అందుకని పొద్దు ఉన్నవాళ్ళు కూడా నీళ్ళు లేకుండా ఎండుగా బిళ్ళ మింగొచ్చు. తడి తగిలితేనే పొద్దు చెడుతుందని మా లెక్క. ఎవరు పెట్టారో తెలియదు. మా తాతల నాడు ఈ బిళ్ళలే లేవు, అంటే మధ్యలో ఎవరో తమ సౌకర్యం కోసం చేర్చుకున్నారన్న మాట. ఆ సంగతి నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా తట్టలేదు.

మా నాయన కళ్ళు తెరిచిన రోజే పోయాడు. నాకప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. అది నరసింహస్వామి విగ్రహం. ఎర్రటి ఎండాకాలం. ఆ రోజు రాయి మొండికేసి పని మధ్యాహ్నం దాకా సాగింది. నాయన పొద్దులోనే రెండుసార్లు ఎండు బిళ్ళలు మింగాడు. రెండో కన్ను పూర్తిచేసి, ఉలి కింద పెట్టి, నీళ్ళు తాగి, వెంటనే కక్కుకున్నాడు. టీ పొడి మడ్డిలా నల్లగా, ఆ తర్వాత ఎర్రగా రక్తం. జీపులో నంద్యాలకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఊరంతా ఒకటే మాట అంది. స్వామి కళ్ళు తెరిచి మొదట తన శిల్పినే చూశాడట, చూసి తన దగ్గరికి పిలుచుకున్నాడట. ఎంత గొప్ప చావు, ఎవరికి దొరుకుతుంది అన్నారు. అప్పట్నుంచి మా షెడ్డులో ఎవరు కళ్ళు తెరిచినా ముందురోజు అన్న ఈ కథ చెబుతాడు. నేను కూడా చెప్పుకున్నాను, గొప్పగా, కళ్ళు తుడుచుకుంటూ. పన్నెండేళ్ళకు పైగా చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఇక నా కడుపు సంగతి. మా షెడ్డులో పొద్దున్నే టీ వస్తుంది. టీతో పాటు పనిముట్ల పెట్టెలోంచి బిళ్ళల అట్ట బయటికి వస్తుంది. తలా ఒకటి తుంచుకుని, పరగడుపున టీతో మింగి, పనిలో కూర్చుంటాం. పదకొండు గంటలకు గానీ అన్నం మూట విప్పం. ఇరవై ఏళ్ళకు పైగా నాకు ఇదే అలవాటు. రెండేళ్ళ కిందట రొమ్ముల కింద, సరిగ్గా నడిమధ్యలో, మంట మొదలైంది. ఆకలైతే మంట, తింటే కాసేపు నిమ్మళం, మళ్ళీ మంట. మజ్జిగ తాగాను, జీలకర్ర నమిలాను, కారం తగ్గించాను. బిళ్ళ మాత్రం మానలేదు. నొప్పి బిళ్ళకూ కడుపు మంటకూ సంబంధం ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

మా ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు మాట్లాడేది ఇంకా తక్కువ. ఒకరోజు నేను పళ్ళెం ముందు వంగిపోయి కూర్చుంటే చూసి, "రేపు సెలవు పెట్టినా, నంద్యాలకు పోదాం పద" అన్నాడు. అంతే. పోయాం. ఒక డాక్టరమ్మ గొంతులోకి సన్నటి గొట్టం పంపి లోపల చూసింది. టీవీలో నాకు కూడా చూపించింది. నా కడుపు గోడ మీద, తెల్లటి అడుగుతో, గుండ్రటి గుంట. రాయిలో ఉలి జారితే పడే గుంట మాదిరే ఉంది.

"పుండు పడిందమ్మా. నొప్పి బిళ్ళలు పూర్తిగా మానెయ్యాలి. ఈ మందు రోజుకు నాలుగుసార్లు, తినడానికి ముందు" అని రాసిచ్చింది. బయట జనం చాలామంది ఉన్నారు. మందుల షాపులో సీసా చేతికిచ్చారు. నేనేమీ అడగలేదు. మందు తాగడం కూడా ఒకరు నేర్పాలా అనుకున్నాను.

అక్కడే నా తెలివి బయటపడింది. సీసా ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. మర్నాడు చూస్తే పైన పలచగా తేరిన నీళ్ళు, కింద సుద్ద మాదిరి మడ్డి. రాయి పనివాళ్ళకు ఇది రోజూ చూసేదే. విగ్రహాన్ని తడిపి పొడితో రుద్ది నునుపు చేస్తాం కదా, ఆ నీళ్ళు తొట్టిలో నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట మిగులుతుంది. తేట మళ్ళీ వాడుకుంటాం, మడ్డి పారబోస్తాం. మా అవ్వ కూడా సున్నం నీళ్ళలో కలిపి కదలకుండా పెట్టి, తేరిన తేటనే పిల్లలకు కడుపు నొప్పికి పట్టేది. మడ్డి కడుపులోకి పోతే పేగు కోస్తుందని చెప్పేది. నేను అవ్వకు మనవరాలిని, నాయనకు శిష్యురాలిని. నాకు నేర్పకుండానే తెలిసిపోయింది, మందు అంటే తేట, కిందిది మడ్డి అని.

ఇక ఆ సీసాను పాలు తోడేసిన గిన్నెలా కాపాడాను. గూట్లోంచి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. మూతలోకి చాలా మెల్లగా, తేట మాత్రమే వంచుకునేదాన్ని. ఒకరోజు మా ఆయన సీసా తీసి ఊపి చూస్తుంటే కేకలేశాను. "నీ బస్సు అనుకున్యావా ఊపేకి? మడ్డంతా లేసింది సూడు" అని. పాపం ఆయన సరిగ్గానే చేశాడు. ఆ పూట మళ్ళీ తేరేదాకా మందే తాగలేదు. తేట అయిపోయాక మిగిలిన తెల్లటి మడ్డిని పెరట్లో పారబోసి, కొత్త సీసా తెప్పించుకునేదాన్ని. ఒకేసారి పనైపోతుందని నా బీపీ మాత్రను కూడా ఆ తేటతోనే మింగేదాన్ని. ఇంకో తప్పు కూడా చెప్పాలి. బిళ్ళలు మానేశానని అందరికీ చెప్పాను గానీ, బరువు పని ఉన్న రోజు సగం బిళ్ళ మింగేదాన్ని. సగమే కదా అని.

మూడు సీసాలు అయ్యాయి. మంట తగ్గలేదు. మందు దండగ, డాక్టరమ్మ దండగ అని షెడ్డులో అందరికీ చెప్పాను. అప్పుడే ఉయ్యాలవాడ వైపు ఒక పల్లె నుంచి పెద్దమ్మ విగ్రహం పని వచ్చింది. నిలువెత్తు నల్లరాయి. మొహం మొదలుపెట్టిన వారానికి ఒకరోజు దొడ్డికి పోతే తారు మాదిరి నల్లగా, జిగటగా అయింది. కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. నాయన కక్కిన నలుపు గుర్తొచ్చింది. నాకు భయం వేసింది. చచ్చిపోతానేమోనన్న భయం నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. ఈసారి మా ఆయన సెలవు కూడా పెట్టలేదు, నేరుగా ఆటో పిలిచాడు.

నంద్యాలలో మూడు రోజులు మంచం మీద ఉంచారు. రక్తం ఎక్కించారు. రెండో రోజు నర్సమ్మ పొద్దున్నే వచ్చి, "ఇంట్లో ఎట్ల తాగుతాండావో అట్లే తాగి చూపియ్యి" అని సీసా చేతికిచ్చింది. నేను ఎంతో ఒద్దికగా, కదపకుండా, తేట వంచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇట్లనే తాగినావా ఇన్నాళ్ళూ?"

"అవునమ్మా. మడ్డి పారబోస్తాండా, ఒక చుక్క కూడా లోపలికి పోనీలే."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అమ్మా, నువ్వు పారబోసిందే మందు. నువ్వు తాగింది నీళ్ళు" అంది.

నా ఒళ్ళంతా మండింది, కడుపు కంటే ఎక్కువగా. నర్సమ్మ సీసా తిప్పి దానికి అతికించిన చీటీ మీద వేలు పెట్టింది. బాగా ఊపి తాగమని అక్కడ రాసి ఉందట, ఇంగ్లీషులో. నేను ఐదో తరగతి దాకా చదివాను. విగ్రహాల పీఠాల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా చెక్కుతాను, కాగితం మీద గీసిస్తే ఒక్క వంకర లేకుండా చెక్కుతాను. చదవలేను. నాలాంటివాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. తాగేది మేమైనప్పుడు తెలుగులో ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది? డాక్టరమ్మ వచ్చాక ఆమెతోనే అన్నాను. "మేడమ్, నాది తెలివితక్కువే. ఒప్పుకుంటా. కానీ ఇంగ్లీషు రానోళ్ళకు పుండ్లు పడవా?"

పక్కన మా ఆయన నా కొంగు పట్టి లాగుతున్నాడు. డాక్టరమ్మకు కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "తప్పు నాది కూడా. ఈసారి మొత్తం చెప్తాను, నువ్వు తిరిగి నాకు చెప్పాలి" అంది.

ఆమె చెప్పింది ఇదీ. ఈ మందు పోయి పుండు మీద పూతలా అంటుకుంటుంది, దాని చాటున పుండు మానుతుంది. తిండి ఉంటే పూత సరిగ్గా అంటదు, అందుకే పరగడుపున తాగాలి. తాగిన గంటకు తినాలి. సీసా బాగా ఊపి, దాంతో వచ్చిన మూతకు గుర్తు ఉన్నంత వరకే పోసుకోవాలి, ఇంట్లో చెంచాలు పనికిరావు. వేరే మాత్రలు దీంతో కలిపి మింగితే ఈ పూత వాటిని కూడా పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కనివ్వదు. నా బీపీ మాత్రకు రెండు గంటల ఎడం పెట్టి వేరే వేళ రాసిచ్చింది. మంటకు షాపులో కొనుక్కునే జెల్ తాగాలన్నా అరగంట తేడా ఉండాలంది. మలబద్ధకం వస్తే నీళ్ళు ఎక్కువ తాగి, తగ్గకపోతే వచ్చి చెప్పమంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళూ, షుగరు ఉన్నవాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలట, నాకు అవేవీ లేవు. మంట తగ్గిందని మధ్యలో మానకూడదు, చెప్పినన్ని వారాలూ తాగాలి. మళ్ళీ నల్లగా అయినా, రక్తం కక్కినా ఒక్క గంట కూడా ఆగకుండా రావాలి. నొప్పి బిళ్ళ సగం కాదు, పావు కూడా వద్దు. నొప్పులకు ఆమె వేరే మాత్ర రాసిచ్చింది, అది కూడా ఆమె చెప్పినంతే. నేనంతా తిరిగి అప్పజెప్పాను. ఇది నా కడుపుకు చెప్పిన మాట. మీ కడుపు సంగతి మీ డాక్టరును అడగండి, నన్ను చూసి తాగొద్దు.

లేవబోతుంటే ఆమెను ఆపి మా నాయన సంగతి చెప్పాను. పరగడుపు బిళ్ళలు, ఒక్కపొద్దు, ఎండు బిళ్ళలు, నల్లటి కక్కు. "చూడకుండా ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ నువ్వు చెప్పినవన్నీ పుండు లక్షణాలే" అంది. ఒక్కపొద్దు గురించి అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు నీ కడుపును గంటల తరబడి ఖాళీగా పెట్టొద్దు. మందు మానొద్దు. దేవుడి పేరు చెప్పినా సరే."

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని, షెడ్డులో పడున్న నల్లరాయి పలక మీద 'ఊపి తాగు' అని తెలుగులో చెక్కాను. సీసా పక్కన నిలబెట్టాను. పన్నెండేళ్ళప్పటి నుంచి ఎవరెవరి పేర్లో చెక్కాను, నా కోసం చెక్కుకున్న మొదటి అక్షరాలు ఇవే. వంగి కూర్చోవడం మానేసి పీట వేసుకున్నాను. పది గంటలకే అన్నం తినడం మొదలుపెట్టాను. తొమ్మిదికి సీసా ఊపుతుంటే షెడ్డులో వాళ్ళు "అక్క గలగల మొదలైంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. నవ్వుకోండి, నాకేం. నెల తిరిగేలోపు మంట సగానికి పైగా పోయింది. అదే మందు, అదే సీసా. ఈసారి మందు నా కడుపులోకి పోయింది, అంతే తేడా.

పెద్దమ్మ మొహం అయ్యింది. కళ్ళకు రోజు పెట్టారు. ముందురోజు మధ్యాహ్నం అన్న నా పీట దగ్గరికి వచ్చాడు.

"సాయంత్రం నుంచి పొద్దు. గుర్తుంది గదామ్మే?"

"నేను పొద్దు ఉండనన్నా."

"ఏందీ?"

"పొద్దున్నే మందు తాగి, గంట ఆగి తిని, అప్పుడు కళ్ళు తెరుస్తా."

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మొహం మారింది. "మందు తడి గదా, పొద్దు చెడుతాది. ఒక్క పూటకు ఏం గాదులే. మరీ నొప్పుంటే ఎండు బిళ్ళ మింగు, దానికి అడ్డం లేదు."

"ఆ బిళ్ళేనన్నా పుండు చేసింది. చిల్లు పొడిచేదానికి అడ్డం లేదు, పూడ్చేదానికి అడ్డమా? యాడిదన్నా ఈ న్యాయం?"

"అయితే కళ్ళు నేను తెరుస్తా. నువ్వు ఇంట్ల పండుకో."

నాకు తిక్క రేగింది. "నీకు మొగం రాదు" అన్నాను, పనివాళ్ళందరూ వింటుండగా. "నాలుగు నెల్లు నేను చెక్కినా. నా ఉలే తెరుస్తాది."

గ్రైండరు ఆగిపోయింది. అందరూ ఇటే చూస్తున్నారు. అన్న గొంతు పెంచాడు. "మీ నాయన ప్రాణం పోతాన్నా పొద్దు చెడగొట్టలే. సామి పిలుచుకున్యాడు ఆయన్ని. ఆయన కూతురివేనా నువ్వు?"

"ఆయన కూతుర్ని గాబట్టే చెప్తాండా. మా నాయన్ను సామి పిలవలే. కడుపులో పుండు పగిలి, రగతం కక్కి సచ్చిపోయినాడు. నేను ఆ మంచం మీద పండుకోని వచ్చినా, నాకు తెల్సు. బిళ్ళలు మాని ఇట్లాంటి మందు తాగింటే, ఇంకా ఈడ కూసోని నిన్ను తిడతా ఉండేటోడు."

నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. అన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పక్కనున్న రాతి దిమ్మె మీద కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"నీళ్ళడిగినాడు" అన్నాడు. "ఆ పొద్దు. ఒక కన్ను అయినాక. కడుపు కాల్తాంది, గుక్కెడు నీళ్ళియ్యి రా అన్యాడు. ఇంకొక కన్నే గదా చిన్నాయనా, అది కూడా కానీ అన్యా నేను."

ఇన్నేళ్ళుగా ఆయన ఆ కథ ఎందుకు చెబుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. దేవుడు పిలిచి ఉండకపోతే ఆ మాటను ఆయన మోయలేడు. నాకు జాలి వేసింది, చాలా జాలి వేసింది. అయినా లొంగలేదు. "నీ తప్పు కాదన్నా" అన్నాను. "అప్పుడు మనకు తెలీదు. ఇప్పుడు తెల్సు. తెల్సినాక కూడా నన్ను పొద్దు ఉండమంటే మటుకు తప్పే." ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరు గంటలకు సీసా తీసుకుని షెడ్డుకే వెళ్ళాను. ఇంట్లో తాగి రావచ్చు, తాగలేదు. విగ్రహం ముందు నిలబడి, అందరూ చూస్తుండగా ఊపి, మూతలో పోసుకుని తాగాను. ఏడింటికి సంగటి, పప్పు తిన్నాను. మూతి కడుక్కుని, చేతులు తుడుచుకుని ఉలి పట్టాను. అన్న వచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఆపలేదు. తెల్లబట్టలు వేసుకున్నాడు, మొహం పీక్కుపోయి ఉంది. ఆయన పొద్దు ఉన్నాడని చూడగానే తెలిసింది. నేను ఉండనన్నందుకు నా వంతు తాను ఉన్నాడు. ఏమంటాను? ఆయన కడుపు ఆయనిష్టం.

కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. చెయ్యి స్థిమితంగా ఉంది. ఇన్నేళ్ళుగా పొద్దు ఉండి చేసిన ప్రతిసారీ ఎప్పుడు అయిపోతుందా అని చేశాను. ఆ రోజు మాత్రం తొందర లేదు. పెద్దమ్మ చూపు ఎటు ఉండాలో రెప్ప దగ్గర ఆగి ఆలోచించుకున్నాను. అయిపోయాక, పెద్దమ్మ మొదటి చూపు తన మీదే పడేలా, అద్దం చూపించి పక్కకు జరిగాను.

తొమ్మిది దాటాక విగ్రహం చేయించుకున్న పల్లెవాళ్ళు లారీలో వచ్చారు. వాళ్ళకు పెద్ద దిక్కులాంటి ఒక అవ్వ కర్ర పట్టుకుని ముందుగా లోపలికి వచ్చింది. ఆ ఊళ్ళో పెద్దమ్మకు దీపం పెట్టేది ఆమేనట. విగ్రహం వంక ఇంకా చూడకుండానే నన్ను అడిగింది.

"కండ్లు తెరిచింది నువ్వేనా తల్లీ? నిష్ఠగా ఉన్యావా? పొద్దు ఉన్యావా?"

అన్న గబుక్కున ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు, నన్ను కాపాడడానికే ఆ అబద్ధం. నేను అడ్డుపడ్డాను.

"లేదవ్వా. కడుపులో పుండు ఉంది, డాక్టరు పొద్దు ఉండొద్దన్యాది. మందు తాగినా, సంగటి తిన్యా, ఆ తర్వాతే కండ్లు తెరిచినా. నీకు ఒద్దనిపిస్తే ఇప్పుడే చెప్పు."

నాలుగు నెలల పని ఆ ముసలామె నోటి మీద ఉంది. లారీలో వచ్చిన మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన "అదేందప్పా" అని గొణిగాడు. అన్న కళ్ళు మూసుకున్నాడు. అవ్వ కర్ర ఆన్చుకుంటూ విగ్రహం దగ్గరికి నడిచింది. కింద నుంచి పైకి, మెల్లగా, మొహం దాకా చూసింది. అక్కడే ఆగిపోయింది.

"ఇది ఆకలి మొగం కాదులే" అంది చివరికి. "మా ఊర్ల ఆకలి మొగాలు శానా చూసినాం. మా పాత పెద్దమ్మది కూడా ఆకలి మొగమే. మాకు తిన్న తల్లే కావల్ల." వెనక్కి తిరిగి మగవాళ్ళను కసిరింది. "ఏం సూస్తాండారు? తాళ్ళు పట్టండి, ఎండెక్కుతాంది."

వాళ్ళు తాళ్ళు పట్టారు. నేను మూలకు పోయి అన్నకు చెంబుతో నీళ్ళు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆగకుండా, మొత్తం తాగాడు.